గ్యాస్ సర్వేల మోతతో తిమింగలాలకు ఇబ్బంది: షరతులు పెంచాలా, పని ఆపకుండా సాగనివ్వాలా?

అమ్రాబాద్ బిడ్డ: మన తెలంగాణకు సముద్రం లేకపోయినా ఇక్కడే అడుగుతున్నా. కాకినాడ అవతల సముద్రంలో కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ లాంటి చోట్ల గ్యాస్ వెతకాలంటే ముందు సీస్మిక్ సర్వే చేస్తారు. ఓడ వెనక ఎయిర్‌గన్లు కట్టి, పది పదిహేను సెకన్లకోసారి గాలిని ఒక్కసారిగా నీళ్లలోకి వదులుతారు. ఆ మోత అడుగున రాతి పొరలకు తగిలి తిరిగొస్తే, లోపల ఏముందో అంచనా కడతారు. రాత్రీ పగలూ, వారాల తరబడి ఇదే పని. నీలి తిమింగలాలు ఒకదాన్నొకటి పిలుచుకునేది కూడా అలాంటి బొంగురు శబ్దాలతోనే.

నల్లమలలో యురేనియం కోసం బోర్లు వేస్తామన్నప్పుడు కూడా ‘సర్వేనే కదా’ అన్నారు. మనం ఊరుకోలేదు. 2019లో అసెంబ్లీ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. 1972 వన్యప్రాణి చట్టంలో తిమింగలం కూడా మన పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. దాని కోసం గట్టి షరతులు అడగొద్దా?

మిర్యాలగూడ రైతు: తమ్మీ, యూరియా తయారయ్యేది గ్యాస్‌తోనే. రామగుండం ఫ్యాక్టరీ నడిచేదీ దాని మీదనే. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీ ముందు తెల్లవారకముందే చెప్పులు లైన్లో పెట్టి కూర్చున్నాం. దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం బయటి నుంచే వస్తోంది. సర్వేల వల్ల తిమింగలాలు చచ్చాయని రుజువుందా?

అమ్రాబాద్ బిడ్డ: అన్నా, చావు ఒక్కటే నష్టం కాదు. అమెరికా మీద 2001 సెప్టెంబర్ ఉగ్రదాడుల తర్వాత కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు తగ్గి, నీళ్లలో మోత 6 డెసిబెల్స్ పడిపోయింది. అక్కడి ‘రైట్’ అనే జాతి తిమింగలాల మలాన్ని పరీక్షిస్తే టెన్షన్‌కు సంబంధించిన హార్మోన్లు తగ్గినట్టు తేలింది. అవి మామూలు ఓడల మోతకే అంత నలిగిపోతున్నాయి. ఎయిర్‌గన్ల సంగతి చెప్పాలా?

కొల్లాపూర్, ఇప్పుడు కాకినాడ: సర్వే ఓడ వెనక కిలోమీటర్ల పొడవున కేబుళ్లు ఉంటాయి. చేపల పడవలు వాటి మీదికి రాకుండా కాపలా కాసే బోటులో పనిచేశాను. కింద గదిలో పడుకుంటే ఇనప రేకు మీద సుత్తితో కొట్టినట్టు దెబ్బ, కాస్త ఆగి మళ్లీ దెబ్బ. మేము చాలా దూరంలో ఉన్నా వినిపించేది. డ్యూటీ అయిపోతే మేము ఒడ్డుకొస్తాం. తిమింగలాలకు ఆ మోత దాటి పోవడమే దారి.

మిర్యాలగూడ రైతు: నియమాలు ఉండే ఉంటాయి కదా, సార్?

పాలమూరు టీచర్: బ్రిటన్‌లో 1995 నుంచి మార్గదర్శకాలున్నాయి. మొదలుపెట్టే ముందు 30 నిమిషాలు, లోతు 200 మీటర్లు దాటితే 60 నిమిషాలు, చుట్టూ 500 మీటర్ల దాకా తిమింగలాలు ఉన్నాయేమో చూడాలి. తర్వాత కూడా శబ్దాన్ని కనీసం 20 నిమిషాల పాటు మెల్లమెల్లగా పెంచాలి, అవి తప్పుకోవడానికి. మంచివే, కానీ చాలవు. ‘స్పెర్మ్’ అనే జాతి తిమింగలం ఒక్కసారి మునిగితే ముప్పావు గంట, గంట దాకా పైకి రాకపోవచ్చు. చీకట్లో బైనాక్యులర్ పట్టుకున్నా ఏం కనబడుతుంది? అందుకే నీళ్లలో హైడ్రోఫోన్లు (నీటిలోని శబ్దం పట్టే మైకులు) వేసి వాటి అరుపులు వినే పద్ధతి కూడా ఉంది. అదీ అన్నిటికీ మందు కాదు, అరవని తిమింగలం దొరకదు.

మిర్యాలగూడ రైతు: సరే, మరి ఓడ ఆగిన ప్రతి గంటకూ అద్దె ఎవరు కట్టాలి? చివరికి మా నెత్తినే పడుతుంది.

అమ్రాబాద్ బిడ్డ: 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఆ ధర పెట్టేది ప్రభుత్వం. సర్వే ఓడ ఆగిందని అది పెరగదన్నా.

మిర్యాలగూడ రైతు: సబ్సిడీ కూడా మన పైసలే తమ్మీ. వినే పరికరం పెట్టమంటే నాకు అభ్యంతరం లేదు. సర్వేలే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

అమ్రాబాద్ బిడ్డ: సర్వేలే వద్దని నేనూ అనడం లేదు. హైడ్రోఫోన్ లేకుండా రాత్రిపూట ఎయిర్‌గన్ మొదలుపెట్టొద్దు, దగ్గర్లో తిమింగలం ఉందని తెలిసిన వెంటనే ఆపాలి. ఇవి రెండూ అనుమతి పత్రంలోనే రాయాలి, కంపెనీ ఇష్టానికి వదలొద్దు.