నీల్ ద్వీపంలో కాపురం: పెన్షన్‌తో గడుస్తుందా?

బరంపురం బాటసారి:
మొన్న డిసెంబరులో అండమాన్ వెళ్లొచ్చాం. నీల్‌లో నాలుగు రోజులున్నాం. 2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ అందరి నోటా నీలే. హారన్ మోత లేదు, తాజా చేప, కొబ్బరితోటలు. మేం ఇద్దరమే, పెన్షన్ 38 వేలు. ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చేసి అక్కడే ఉండిపోదాం అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు, నాకు అదే భయం. ఖర్చు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

ఇచ్ఛాపురం బస్సు:
భేషుగ్గా ఉండొచ్చు మాస్టారూ. నీల్‌లో కూరగాయలు బాగా పండుతాయి, పోర్ట్ బ్లెయిర్‌కీ (2024లో దాని పేరూ శ్రీ విజయపురం అని మార్చారు లెండి) అక్కడినుంచే వెళ్తాయి. మాల్ లేదు, సినిమా హాలు లేదు. ఖర్చు పెడదామన్నా చోటేది?

గోపాల్‌పూర్ గాలి:
చోటుంది బాబూ. మా మేనమామ వాళ్లది నీల్‌లోనే చిన్న వ్యాపారం. వాళ్లింట్లో ఏడాదిన్నర ఉన్నాను. వంకాయ, చేప, కొబ్బరికాయ చవకే. ఉల్లిపాయ, బంగాళాదుంప, పప్పు, మందులు అన్నీ చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ఓడ మీద పోర్ట్ బ్లెయిర్ చేరాలి, అక్కడినుంచి మళ్లీ పడవ ఎక్కాలి. ఓడకే దాదాపు మూడు రోజులు.

అసలు ఖర్చు అదీ కాదు. ఓసారి మిక్సీ అడుగున ఉండే ప్లాస్టిక్ పువ్వు విరిగింది. బరంపురంలో అయితే పది నిమిషాల పని. అక్కడ ఆ మోడల్‌ది లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో చెప్పాం, వానలకు ఫెర్రీ ఆగింది. పదకొండు రోజులు రోట్లోనే పచ్చడి. పచ్చడి బాగుందనుకోండి, అది వేరే సంగతి. ఉప్పుగాలికి ఫ్రిజ్ వెనకంతా తుప్పు. ప్రతి వస్తువుకూ ఆయుష్షు తగ్గుతుంది, ఈ లెక్క ఎవరూ రాసుకోరు.

ఇక ఒంట్లో బాగోకపోతే? నీల్‌లో ఉన్నది చిన్న ఆస్పత్రి. పెద్ద జబ్బయితే పోర్ట్ బ్లెయిర్, అక్కడా కాదంటే విమానంలో చెన్నై. తోడు వచ్చే మనిషికీ టికెట్ కొనాలి. ద్వీపవాసి కార్డు ఉంటే ఓడ చార్జీ బాగా తక్కువ, కానీ నిన్న దిగినవాళ్లకు అది ఇవ్వరు. అద్దెకు ఎంతవుతుందో అంతకు అంత పక్కన పెట్టుకోగలిగితేనే వెళ్లండి.

పర్లాకిమిడి పిల్ల:
అన్నా, మరీ అంత భయపెట్టకు. మా అమ్మానాన్న ఉండేది రాయగడ కొండల్లో. పెద్ద ఆస్పత్రికి వాళ్లకూ రెండు గంటలు పైనే. వానలో చెట్టు కూలి రోడ్డు మూసుకుపోతే మీ ఫెర్రీ ఆగినట్టే కదా? వాళ్లను ఎవరూ ఆపలేదే!

గోపాల్‌పూర్ గాలి:
చెట్టు కొట్టేస్తే జీపు కదులుతుందమ్మా. సముద్రం అలా వినదు. అయినా మీ అమ్మానాన్నకు చుట్టూ అయినవాళ్లున్నారు, అర్ధరాత్రి తలుపు కొట్టొచ్చు. మాస్టారికి అక్కడ ఎవరున్నారు? ముందు మే నుంచి మూడు నెలలు అద్దెకుండి చూడమనండి. డిసెంబరులో ఎవరికైనా నచ్చుతుంది.

బరంపురం బాటసారి:
వానల్లో వెళ్లి ఉండమన్నది సబబే. మిక్సీ సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. "పదకొండు రోజులూ నూరింది ఎవరట?" అని అడిగింది.

గోపాల్‌పూర్ గాలి:
మా అత్తే, మాస్టారూ.