జ్వరం తగ్గాక 24 గంటలు ఇంట్లోనే: ఇంటి డేకేర్‌లో ఈ రూలు న్యాయమేనా?

పూల్‌బాగ్ పిల్లలిల్లు:
విజయనగరంలో ఇంట్లోనే ఏడుగురు పిల్లల్ని చూసే డేకేర్ మాది. వచ్చే నెల నుంచి ఈ రూలు కాగితం మీద రాసి సంతకాలు తీసుకుంటాం. జ్వరం 100.4 ఫారన్‌హీట్ ఉంటే ఇంటికి పంపేస్తాం. మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే మళ్లీ తీసుకుంటాం. వాంతులు, విరేచనాలకీ అంతే, ఆఖరిసారి అయిన దగ్గర్నుంచి 24 గంటలు. ఫోన్ చేస్తే గంటలో వచ్చి తీసుకెళ్లాలి. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి.

బొబ్బిలి బస్సు:
మంగళవారం మధ్యాహ్నం పంపేశారనుకోండి. రాత్రి పదికి జ్వరం దిగింది. మీ లెక్కలో 24 గంటలు బుధవారం రాత్రి పదికి అవుతాయి. అంటే బిడ్డ వచ్చేది గురువారం పొద్దున్న. ఒక్క పూట జ్వరానికి తల్లికి ఒకటిన్నర రోజు సెలవు పోయింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం డేకేర్‌లకి చెప్పే హద్దు 101. అదీ రెండు నెలలు దాటిన పిల్లలకి, జ్వరంతోపాటు తీరు మారితేనో వేరే లక్షణం ఉంటేనో. ఆడుతూ తింటున్న పిల్లని ఒక్క అంకె చూసి ఇంటికి తోలెయ్యమని వాళ్లూ అనలేదు.

రాజాం రైటు:
101 ఎక్కడెట్టి సూసింది? సంకలోనా, నుదుటిమీదా? ముందు అది తేల్చండి.

సిక్కోలు స్టాఫ్‌నర్సు:
రాజాం గారి ప్రశ్న మంచిదే. నుదుటికి చూపించే గన్ను మన ఎండల్లో నమ్మదగ్గది కాదు. పిల్లని బండి మీద తెచ్చిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది, చెమట పట్టి ఫ్యాను కింద కూర్చుంటే తక్కువ చూపిస్తుంది. లోపలికి వచ్చాక పావుగంట ఆగి, నుదురు తుడిచి చూడాలి. ఎక్కువ వస్తే డిజిటల్ థర్మామీటరుతో చంకలో ఖాయం చేసుకోవాలి. చంక తడి లేకుండా తుడిచి, మొన సరిగ్గా గుంటలో పెట్టి, బీప్ వచ్చేదాకా చెయ్యి ఒంటికి నొక్కి పట్టాలి. గాజు పాదరసం థర్మామీటరు చిన్నపిల్లలున్న చోట అసలు ఉంచకండి.

రాజాం రైటు:
సంకలో సూస్తే ఒక డిగ్రీ కలపాలి.

సిక్కోలు స్టాఫ్‌నర్సు:
కలపకండి. చంకలో తక్కువ చూపించే మాట నిజమే గానీ ఎంత తక్కువన్నది పిల్లపిల్లకీ మారుతుంది. "చంక, 100.6, 11:20" అని చూసింది చూసినట్టు పుస్తకంలో రాయండి. ఇంట్లోనూ అదే రకం థర్మామీటరు, అదే చోటు. సగం తగువులు అక్కడే తీరిపోతాయి.

రాజాం రైటు:
మా డాక్టరు కలపమనీసేరు.

పూల్‌బాగ్ పిల్లలిల్లు:
చంకా నుదురూ సంగతి తర్వాత. బొబ్బిలి గారూ, "మందు వెయ్యకుండా" అని పెట్టింది ఊరికే కాదు. ఏడింటికి పారాసెటమాల్ పోసి, ఎనిమిదిన్నరకి దింపుతారు. అప్పుడు ఒళ్లు చల్లగానే ఉంటుంది. మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. పదకొండూ పన్నెండు మధ్య, అన్నం పెట్టే వేళకి 102. ఈలోగా అందరూ అవే బొమ్మలు నోట్లో పెట్టుకున్నారు.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. పొద్దున్న డోసు పడిందని చెప్పకపోతే, ఇక్కడ మేము రెండోది వేసే అవకాశముంది. అందుకే మా దగ్గర మందే వెయ్యం. వెయ్యాల్సొస్తే డాక్టరు చీటీ, చివరి డోసు టైము రాసి ఇవ్వాలి.

సిక్కోలు స్టాఫ్‌నర్సు:
సీసా మీది బలం కూడా రాయించుకోండి. డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకి 150. 125 సిరప్ (5 ఎంఎల్‌లో 125) అయితే 6 ఎంఎల్, 250 సిరప్ అయితే 3 ఎంఎల్, 100 డ్రాప్స్ (ఒక ఎంఎల్‌లోనే 100) అయితే ఒకటిన్నర ఎంఎల్. "ఆరు పొయ్యండి" అని నోటిమాటగా చెప్పి 250 సీసా పంపితే డబుల్ డోసు పడిపోతుంది. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 ఉంటే మందు మాట వద్దు, నేరుగా ఆసుపత్రికే.

బొబ్బిలి బస్సు:
మందు పోసి పంపేవాళ్లని నేను వెనకేసుకు రావట్లేదు. మీ రూలు జ్వరం ఒక్కదాన్నే పట్టుకుందంటున్నాను. డెంగీ జ్వరం 103 ఉన్నా పక్క పిల్లకి అంటుకోదు, దోమ కుడితేనే. చేతులకీ కాళ్లకీ నోట్లోనూ పొక్కులొచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ అయితే జ్వరం పోయాక కూడా వైరస్ మలంలో వారాల తరబడి పోతుంది. అంటుకోకుండా ఆపడమే ఉద్దేశమైతే మీ 24 గంటలు దేన్ని ఆపుతున్నాయి?

సిక్కోలు స్టాఫ్‌నర్సు:
అందుకే ఒక్కోదానికి ఒక్కో గడువు పెట్టుకోవాలి. ఆటలమ్మకి పొక్కులన్నీ మాడి చెక్కు కట్టేదాకా. తట్టుకి దద్దు కనిపించాక నాలుగు రోజులు. గవదబిళ్ళలకి వాపు మొదలయ్యాక ఐదు రోజులు. (ఆటలమ్మ దగ్గర ఎవరూ తగువాడరు లెండి. వేపాకు నీళ్లు పోసేదాకా ఇంట్లోవాళ్లే గడప దాటనివ్వరు.) 2022లో కేరళలో టమాటా ఫ్లూ అని హడావిడి చేసిన ఆ హ్యాండ్ ఫుట్ మౌత్‌కి జ్వరం పోయి, నోటిపుండ్లు తగ్గి తిండి తింటుంటే చాలు. మలంలో వైరస్ పోయేదాకా ఆపాలంటే ఏ పిల్లా రాలేదు. అక్కడ కాపాడేది డైపరు మార్చాక సబ్బుతో చేతులు కడగడం. దానికీ, విరేచనాల వైరస్‌లకీ శానిటైజరు సరిగా పనిచెయ్యదు. డైపరు మార్చే చోట ముందు సబ్బునీళ్లతో కడిగి, ఐదు శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) 20 ఎంఎల్ లీటరు నీళ్లలో కలిపి, అక్కడ పూసి పది నిమిషాలు ఉంచాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపకూడదు, విషవాయువు వస్తుంది.

పూల్‌బాగ్ పిల్లలిల్లు:
ఒప్పుకుంటాను, ఈ గడువులు రూలులో చేరుస్తాను. ముక్కు కారినంత మాత్రాన పంపించం, అదీ రాస్తాను. కానీ జ్వరంతో ఉన్న పిల్లకి ఒక మనిషి ఒళ్లోనే ఉండాలి. మాకున్నది నేనూ, ఒక ఆయా. ఒకరు ఒక్క పిల్లకి అంకితమైతే మిగతా ఆరుగురూ రెండో మనిషి మీద. ఆయా మంచాన పడితే ఏడు ఇళ్లకీ సెలవే. అంటుకోవడం ఒక్కటే లెక్క కాదు.

బొబ్బిలి బస్సు:
ఇప్పుడొచ్చారు దారికి! అది మీ మనుషుల కొరత. దానికి వైరస్ పేరు ఎందుకు? ఇంకోటి కూడా చెప్పండి. పంపేసిన రోజులకి ఫీజు తగ్గిస్తారా? ఆ మాట పైన ఎక్కడా లేదు.

పూల్‌బాగ్ పిల్లలిల్లు:
ఫీజు చోటుకి, రోజుకి కాదు. పిల్ల రాకపోయినా ఆయా జీతం ఆగదు, అద్దె ఆగదు.

బొబ్బిలి బస్సు:
తల్లి జీతం మాత్రం ఆగుతుంది. గొడవంతా ఇదేనండీ. పిల్లని పంపేస్తే మీకు రూపాయి పోదు, పైగా పని తగ్గుతుంది. ఎటు నిర్ణయించినా మీకు నష్టం లేనప్పుడు 100.4 అని ఏం, 99.5 అని కూడా పెట్టొచ్చు. పారాసెటమాల్ పోసి దింపే తల్లి సెలవు కోత భయంతోనే ఆ పని చేస్తోంది. మీ ఫీజు నిజం చెప్పినవాళ్లకే జరిమానా.

పూల్‌బాగ్ పిల్లలిల్లు:
ఆవిడ ఒకటిన్నర రోజు మిగుల్చుకోవడానికి మిగతా ఆరుగురు తల్లులు వచ్చే వారం సెలవు పెట్టాలా? వాళ్ల జీతం జీతం కాదా? నేను అడ్డుపడేది వాళ్ల కోసం.

రాజాం రైటు:
ఏటండీ ఇది, జ్వరం గురించనుకున్నాను, డబ్బుల గొడవా.

సిక్కోలు స్టాఫ్‌నర్సు:
నా మాటొకటి వినండి. మొదటి రెండు రోజులకి ఫీజు కోత వద్దు. మీరు పంపేసిన జబ్బే మూడో రోజుకీ సాగితే అక్కడ్నుంచి సగం. మందు పోసి చెప్పకుండా దింపినట్టు తేలితే ఆ నెల ఈ సౌకర్యం ఉండదు. "గంటలో" అన్నది మాత్రం మార్చండి. పార్వతీపురంలో ఉద్యోగం చేసే తల్లి గంటలో విజయనగరం ఎలా చేరుతుంది? ఊళ్లోనే ఉండే రెండో మనిషి పేరూ నంబరూ చేరేటప్పుడే రాయించుకోండి. ఎవరూ రాకముందే పిల్లకి ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. ఐదు నిమిషాలు దాటితే 108.

పూల్‌బాగ్ పిల్లలిల్లు:
రెండో మనిషి నంబరు సరే. ఐదు నిమిషాల సంగతి గోడకి అంటిస్తాను. సగం ఫీజు మాత్రం లెక్క వేసుకోవాలి. వానాకాలంలో ఒకేసారి నలుగురు పడ్డారంటే ఆయా జీతం ఎక్కడ్నుంచి తేను?

బొబ్బిలి బస్సు:
లెక్క వేసి ఇక్కడే పెట్టండి. అది చూశాకే సంతకం.

రాజాం రైటు:
ఒక డిగ్రీ కలపాలో వద్దో ఇంకా తేల్లేదు.