లెర్నెడ్ హ్యాండ్‌ను సుప్రీంకోర్టుకు ఎందుకు పంపలేదు?

ప్రశ్న:
1909లో న్యూయార్క్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టులో చేరి, 1924లో రెండవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు వెళ్లి, 1961లో మరణించేదాకా తీర్పులిచ్చిన అమెరికా న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్‌ను ఏ అధ్యక్షుడూ సుప్రీంకోర్టుకు నామినేట్ చేయలేదు. నష్టపరిహార చట్టం చదివే విద్యార్థులు నేటికీ ఆయన 1947 నాటి క్యారల్ టోయింగ్ తీర్పుతో నిర్లక్ష్యం అంటే ఏమిటో తేల్చుకుంటున్నారు. అంతటివారికి అడ్డుపడినదేమిటో తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు:
ప్రధాన కారణం రాజకీయమే. ఆయనను జడ్జిగా నియమించినది అధ్యక్షుడు టాఫ్ట్. 1912లో థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రోగ్రెసివ్ పార్టీ అభ్యర్థిగా టాఫ్ట్‌పై నిలబడినప్పుడు హ్యాండ్ రూజ్‌వెల్ట్ వైపు మొగ్గారు. మరుసటి ఏడాది జడ్జి పదవిలో ఉంటూనే ఆ పార్టీ తరఫున న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ప్రధాన న్యాయమూర్తి పదవికి పోటీ చేసి ఓడిపోయారు. ఆ తరువాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన టాఫ్ట్ దీనిని మరచిపోలేదు, 1922లో అధ్యక్షుడు హార్డింగ్‌కు హ్యాండ్ వద్దనే సలహా ఇచ్చారు. 1942లో హ్యాండ్‌ను నియమించాలని సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ ఎంత పట్టుబట్టినా అప్పటికి హ్యాండ్‌కు డెబ్బై ఏళ్లు. డెబ్బై దాటిన న్యాయమూర్తులను 1937లో తానే తప్పుపట్టిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చివరకు మరో న్యాయమూర్తి రట్లెడ్జ్‌ను ఎంచుకున్నారు.

రెండవ జవాబు:
పై జవాబుకు 1917 నాటి 'మాసెస్' పత్రిక కేసును తప్పక చేర్చాలి. యుద్ధకాలంలో ఆ పత్రికను తపాలాలో పంపరాదన్న పోస్ట్‌మాస్టర్ ఉత్తర్వును హ్యాండ్ ఆపివేస్తూ, చట్టాన్ని ఉల్లంఘించమని నేరుగా ప్రేరేపించని విమర్శను శిక్షించరాదన్నారు. పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 1918లో అప్పీళ్ల కోర్టు స్థానం హ్యాండ్‌కు కాక మార్టిన్ మాంటన్‌కు దక్కింది; ఆ మాంటనే 1939లో అవినీతి ఆరోపణలతో రాజీనామా చేసి జైలుకు వెళ్లారు. ఇక మాసెస్ కేసులో హ్యాండ్ చెప్పిన సూత్రానికి చాలా దగ్గరి ప్రమాణాన్ని సుప్రీంకోర్టు 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో అంగీకరించింది. ఆయన వృత్తిజీవితంలో నేను అన్నిటికంటే గౌరవించేది ఆ మాసెస్ తీర్పునే.

మూడవ జవాబు:
మీ గౌరవం సమంజసమే, అయినా 1950లో డెన్నిస్ కేసులో కమ్యూనిస్టు నాయకుల శిక్షలను సమర్థించినది కూడా ఆయనే కనుక ఆయనను కేవలం వాక్‌స్వాతంత్ర్య వీరుడిగా చూడలేము. ఆయన నిజమైన బలం వాణిజ్య చట్టంలో ఉందని నా అభిప్రాయం. అల్యూమినియం కంపెనీ గుత్తాధిపత్య కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కొందరు తప్పుకోవడంతో కోరం (విచారణకు అవసరమైన కనీస న్యాయమూర్తుల సంఖ్య) లేకపోయింది. అందుకోసం కాంగ్రెస్ 1944లో చట్టం సవరించి, అలాంటి కేసుల్లో ముగ్గురు సీనియర్ సర్క్యూట్ న్యాయమూర్తుల తీర్పే తుది తీర్పు అయ్యేలా చేసింది. మార్కెట్‌లో తొంభై శాతం ఒకే కంపెనీ చేతిలో ఉంటే అది గుత్తాధిపత్యమేనని హ్యాండ్ 1945లో రాసినప్పుడు, ఆ తీర్పుపై అప్పీలుకు వెళ్లడానికి పై కోర్టంటూ లేదు.