దీనే కథల్లోని మఈని మనం ‘జిత్తులమారి నక్క’ అనవచ్చునా?

ప్రశ్న: అమలాపురం నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయిని

పెద్దలందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో వేసవి సెలవుల్లో పిల్లలకు ఇతర దేశాల జానపద కథలు చెప్పే కార్యక్రమాన్ని కొన్నేళ్ళుగా నడుపుతున్నాము. ఈసారి అమెరికా నైరుతి భాగంలో నివసించే నవాహో ప్రజల కథలు చెబుదామని, కాయోటీ అనే జంతువు ముఖ్యపాత్రగా ఉన్న నాలుగు కథలను తెనిగించి, ‘జిత్తులమారి నక్క కథలు’ అని శీర్షిక పెట్టాను. తిరిగి చదువుకుంటే నాకే తృప్తి కలగలేదు. పంచతంత్రంలోని కరటక దమనకులు కూడా నక్కలే అయినా, వారి తెలివి ఎటు పోతున్నదో మనకు మొదటినుంచీ తెలుస్తూనే ఉంటుంది. ఈ కాయోటీ అలా కాదు. ఒక కథలో లోకానికి చావును తెచ్చినవాడు, మరొక కథలో నక్షత్రాలను చెదరగొట్టినవాడు, ఇంకొక కథలో కేవలం తిండికి ఆశపడి పదేపదే దెబ్బలు తినే వెర్రివాడు. దానికి తోడు, రూపాలు మార్చుకునే మాంత్రికుల గురించిన వీడియోలు చూసిన మా పిల్లలు కాయోటీ అంటేనే దయ్యమని గట్టిగా నమ్ముతున్నారు. అతడు దుష్టుడా, విదూషకుడా, దేవతా? ‘నక్క’ అనే మాట వాడితే తప్పవుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం: రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, మీకు తృప్తి కలగకపోవడం మంచిదే అయింది. ముందుగా పేర్ల సంగతి చూద్దాము. నవాహో అనేది బయటివారు పెట్టిన పేరు. వారు తమను ‘దీనే’ అని, అంటే ‘ప్రజలు’ అని చెప్పుకుంటారు. కాయోటీని వారు ‘మఈ’ అంటారు. ఆ రెండు అక్షరాల మధ్య గొంతు ఒక్క క్షణం ఆగి మళ్ళీ పలుకుతుంది. దీనిని ‘మాయీ’ అని రాస్తే మన చెవికి ‘మాయ’ వినబడి, కథ మొదలు కాకముందే తీర్పు జరిగిపోతుంది కనుక ‘మఈ’ అనే రాయమని నా మనవి. సృష్టి కథలో అతనికి ‘ఆల్త్సే హష్కే’ అనే మరొక పేరు ఉన్నది. మొట్టమొదట కసిరినవాడు అని దాని అర్థం. ఆది పురుషుడు, ఆది స్త్రీ కింది లోకాలనుంచి ఒక్కొక్క లోకమే దాటుతూ పైకి వచ్చినప్పుడు వారి వెంట వచ్చినవారిలో అతడూ ఉన్నాడు. మన నక్క కథలోకి అడుగుపెట్టే వేళకు అడవి సిద్ధంగా ఉంటుంది, సింహం గద్దె మీద ఉంటుంది. మఈ మాత్రం లోకానికి ఇంకా రూపురేఖలు ఏర్పడుతున్నప్పుడే అక్కడ ఉన్నాడు. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

మీరు చెప్పిన చావు కథనే తీసుకోండి. మనుషులు చనిపోవాలా, శాశ్వతంగా ఉండాలా అని తేల్చుకోవడానికి తోలు గీకే పనిముట్టు ఒకదానిని నీళ్ళలో వేశారట. తేలితే చావు లేదు, మునిగితే ఉన్నది. అది తేలింది, అందరూ సంబరపడ్డారు. అప్పుడు మఈ తానూ ఒకసారి చూస్తానని, అదే మాట అని, ఒక రాయి తీసి నీళ్ళలో వేశాడట. రాయి మునగక ఏమవుతుంది? అందరూ అతనిని తిట్టిపోశారు. అతడు చెప్పిన జవాబును మాత్రం మీ అనువాదంలో దయచేసి కుదించకండి. మనమంతా ఇలాగే ఉండిపోయి, ఇంకా ఇంకా పెరుగుతూ పోతే ఈ భూమి చాలదు, మొక్కజొన్న చేలకు చోటు మిగలదు, కొంతకాలం బ్రతికి మన పిల్లలకు చోటివ్వడమే మేలు అన్నాడట. తిట్టినవారు ఆ మాటలోని వివేకాన్ని గ్రహించి మౌనం వహించారు. వాషింగ్టన్ మాథ్యూస్ అనే సైనిక వైద్యుడు 1897లో అచ్చు వేయించిన నవాహో గాథల సంపుటిలో కూడా ఈ కథ ఇలాగే ఉన్నది. కాలువ గట్టు అంచు దాకా వరి నాటుకునే మన సీమలో, పంచుకోగా పంచుకోగా చెక్కలైపోయిన పొలాలను చూసిన పిల్లలకు, ఆ జవాబు ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమవుతుంది. రాయి వేయడం మోసమే, కాని అన్నమాట నిజం. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్ని వదిలినా మఈ మనకు దక్కడు.

వరద కథ కూడా ఇటువంటిదే. నీటిలో ఉండే మహాజీవి పిల్లలను మఈ దొంగిలించి తన వస్త్రం కింద దాచాడు. ఆ జీవి ఆగ్రహించి నీళ్ళను పైకి పంపింది. జనం బోలు రెల్లు గుండా ఎక్కి పై లోకానికి చేరుకున్నారు. నీళ్ళు అక్కడికీ వెంటబడి వస్తుంటే, దొంగతనాన్ని కనిపెట్టి పిల్లలను తిరిగి అప్పగించాకగాని ఉద్ధృతి తగ్గలేదు. తప్పు తప్పే, దానిని సరిచేయక తప్పలేదు. అయినా ఆ తప్పు వల్లనే మనుషులు ఈ లోకానికి వచ్చారు. గోదావరి ఒడ్డున పుట్టిన మనకు ఇది కొత్త కాదు. కపటంతో గౌతముని చేలోకి మాయగోవును తోలకపోయి ఉంటే ఆయనకు గోహత్యా దోషం లేదు, తపస్సు లేదు, గంగ దిగిరావడం లేదు, ఏడు పాయలు లేవు. కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో స్నానం చేసే ప్రతివారూ ఆ కపటం తర్వాత వచ్చిన నీళ్ళలోనే మునుగుతున్నారు. అయితే ఈ పోలికను మరీ సాగదీయకూడదు. మన కథలో కపటం చేసినవారు పక్కకు తప్పుకుంటారు, నది నిలుస్తుంది. దీనే కథల్లో మఈ ఎక్కడికీ పోడు, మరుసటి కథలో మళ్ళీ ఎదురవుతాడు.

బార్ టోల్కెన్ అనే జానపద విద్వాంసుడు 1960లలో దక్షిణ యూటాలో యెల్లోమాన్ అనే దీనే కథకుని కథలు విని, మఈ ఇన్ని తెలివితక్కువ పనులు ఎందుకు చేస్తాడని అడిగాడు. అతడు ఆ పనులు చేయకపోతే లోకంలో అవి సాధ్యమే కాకుండా పోయేవి అని ఆ కథకుడు బదులిచ్చాడు. నాకు తెలిసినంతలో మఈ గురించి ఇంతకంటే సూటియైన వివరణ లేదు. మఈ ద్వారా మంచికీ చెడుకూ కూడా లోకంలో తావు ఏర్పడింది. అది ఏర్పడ్డాక ఎలా నడుచుకోవాలో తేల్చుకోవలసినవారు వినేవారే. కథలో నవ్వు వచ్చే సంగతులు ఎన్నో ఉన్నా కథ నవ్వులాట కాదని కూడా ఆ పెద్దమనిషి చెప్పాడు. తన పిల్లలు ఈ కథలు వింటే మంచివారిగా ఎదుగుతారని ఆయన విశ్వాసం. పిల్లలు నవ్విన చోటే ఆ పని తగనిదని వారు గుర్తించినట్లు. కనుక చివర విడిగా నీతివాక్యం అతికించవలసిన అవసరం లేదు.

‘నక్క’ అనే మాట విషయంలో నా అభిప్రాయం స్థిరమైనది. జంతుశాస్త్రం ప్రకారం కోరింగ మడ అడవుల్లో తిరిగే మన నక్కకూ కాయోటీకీ దగ్గరి చుట్టరికమే. కాని భాషలో ఆ మాట మోస్తున్న బరువు వేరు. నక్కజిత్తులు, నక్కవినయం, గుంటనక్క అన్నవన్నీ ఒక పక్కకే లాగుతాయి. నక్క తోక తొక్కినవాడు అదృష్టవంతుడని కూడా మనమే అంటాము గాని, కథ చెప్పేటప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తుకు రాదు. ‘మఈ’ అని ఉంచి, అది నక్కకు బంధువైన జంతువని మొదట ఒక్కసారి చెప్పితే చాలును.

రెండవ సమాధానం: పాలకొల్లు వాస్తవ్యుడు

మాస్టారు చెప్పినదంతా చదివాను. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్ళు అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉన్నాను. దీనే ప్రజలు తమ భూమికి పడమటి హద్దుగా భావించే పవిత్ర పర్వతం ఆ ఊరికి ఎదురుగానే కనిపిస్తుంది. అక్కడ నాతో పనిచేసిన ఒక దీనే పెద్దాయనను జూన్ నెలలో ఒకసారి కాయోటీ కథ చెప్పమని అడిగాను. ఆయన మర్యాదగానే మాట మార్చి, మంచు పడ్డాక అడగమన్నారు. అప్పుడు నాకు కారణం తెలియలేదు. ఈ కథలను చలికాలంలో, పాములు, ఎలుగులు నిద్రలో ఉన్నప్పుడు మాత్రమే చెప్పుకోవాలి. వసంతంలో మొదటి ఉరుము వినబడిందంటే ఆ ఏటికి కథలు ముగిసినట్లే. మాస్టారు పేర్కొన్న టోల్కెన్ గారు కూడా తాను రికార్డు చేసిన టేపులు ఏదో ఒక భాండాగారంలో చేరి కాలం కాని కాలంలో ఎవరి చెవినైనా పడవచ్చునని ఆలోచించి, 1997లో వాటిని ఆ కథకుని కుటుంబానికే తిరిగి ఇచ్చేశారు. ఒక పరిశోధకుడు ముప్పై ఏళ్ళ శ్రమను అలా అప్పగించడం మామూలు విషయం కాదు.

దుష్టుడా అన్న ప్రశ్నకు నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. 1864 నుంచి అమెరికా సైన్యం దీనే ప్రజలను వేలాదిగా, వందల కిలోమీటర్లు కాలినడకన తరలించి, న్యూ మెక్సికోలో పేకోస్ నది ఒడ్డున ఉన్న బోస్కె రెడొండోలో నిర్బంధించింది. పంటలు పండక, నీరు సరిపడక, జబ్బులతో ఎందరో చనిపోయారు. 1868లో వారిని స్వస్థలానికి పంపాలా, ఇంకా దూరంగా తూర్పు దిక్కున ఉన్న మరో ప్రాంతానికి తోలాలా అన్న చర్చ నడుస్తున్నప్పుడు, బార్బొన్సీతో అనే నాయకుడు, ఆయన క్రతువులు తెలిసిన వైద్యుడు కూడా, జనాన్ని పెద్ద వలయంగా నిలబెట్టి నడుమ ఒక ఆడ కాయోటీని చిక్కించుకుని, దాని నోట తెల్లని గవ్వపూస ఉంచి వదిలాడు. అది నింపాదిగా పడమటి దిక్కుకు, అంటే వారి ఇళ్ళున్న దిక్కుకు నడిచిపోయింది. ఇక మనం ఇంటికి వెళ్తున్నామని ఆయన అన్నాడని దీనే పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఏడాది జూన్ 1న ఒప్పందం కుదిరింది, వారు తిరిగి వచ్చారు. ఒక జాతి తన బ్రతుకులోని అతి కఠినమైన ఘడియలో దయ్యాన్ని దారి అడుగుతుందా?

అలాగని భయం లేదనీ కాదు. కాయోటీ దారికి అడ్డంగా వస్తే ప్రయాణం మానుకునేవారూ, మొక్కజొన్న పుప్పొడి చల్లి ప్రార్థించి సాగేవారూ ఉన్నారు. రోగాన్ని పోగొట్టడానికి మఈ పేరుననే తొమ్మిది రాత్రుల చికిత్సా క్రతువు కూడా వారికి ఉన్నది. కీడు కలిగించగలవాడే దానిని తీయగలడన్న భావన మనకు అమ్మవారి జాతరల్లో పరిచితమే. ఇక రూపాలు మార్చుకునే మాంత్రికుల సంగతి పూర్తిగా వేరు. దాని గురించి మాట్లాడుకోవడమే దీనే ప్రజలు తగదనుకుంటారు కనుక నేనూ ఇక్కడితో ఆపుతాను. పిల్లలకు అది మఈ కథ కాదని చెబితే చాలును.

మూడవ సమాధానం: తణుకు నుంచి ఒక తండ్రి

అందరి మాటలనూ గౌరవిస్తూనే ఒక సందేహం వెలిబుచ్చుతున్నాను. అచ్చయి ప్రపంచమంతా చదివిన కథను మన గ్రంథాలయంలో వేసవిలో చెప్పకూడదంటే, ఆ నియమం మనకు ఎలా వర్తిస్తుంది? పైగా ఎనిమిదేళ్ళ పిల్లకు ఒకే పాత్ర తప్పు చేస్తూ నిజం చెబుతుందంటే ఏమి అర్థమవుతుంది? మంచి చెడులు విడమరచి చెప్పడమే మనం చేయవలసిన పని కాదా?

మొదటి సమాధానం ఇచ్చినవారి స్పందన

అయ్యా, మీ అభ్యంతరం న్యాయమైనదే. నియమం మనకు శాసనం కాదు. కాని వినాయక చవితినాడు శమంతకోపాఖ్యానాన్ని అక్షింతలు చేతబట్టుకుని వింటాము. నోము కథ ముగిశాక ఆ అక్షింతలు తలపై వేసుకుంటాము. ఎవరైనా ఆ కథను అక్షింతలు తీసేసి, ఏదో ఒక మధ్యాహ్నం కాలక్షేపానికి చదివితే కథ మారదు, కాని అది నోము కథ కాకుండా పోతుంది. ఎదుటివారి కథకు ఆపాటి మన్నన చూపడానికి మనకు అయ్యే ఖర్చు ఆరేడు నెలల ఓపిక. పిల్లల విషయానికి వస్తే, నారదుడు తగవులు పెడతాడని, ఆ తగవు చివరకు ఒక కొలిక్కి తెస్తుందని ఐదేళ్ళ వయసులోనే తెలుసుకున్నవాళ్ళం మనం. మన పిల్లలకు మాత్రం ఎందుకు తెలియదు?

ఉపాధ్యాయిని గారికి ఇంకొక్క మాట. దీనే కథకులు వాక్యాల చివర ‘జినీ’ అంటూ ఉంటారు. ‘అని చెబుతారు’ అని దాని భావం. ఇంగ్లీషు అనువాదకులు దీనిని ఎక్కడ ఇరికించాలో తెలియక చాలాచోట్ల వదిలేశారు. మనకు మాత్రం ‘అట’ ఉన్నది. మఈ నాలుగు కాళ్ళ మీద గునగునా పరుగెత్తుకుంటూ పోతున్నాడట, అని మొదలుపెట్టండి. మీ కథ అక్కడే సగం సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

మాస్టారికీ, పాలకొల్లు వారికీ, అభ్యంతరం తెలిపిన తణుకు వారికీ కృతజ్ఞతలు. శీర్షికను ‘మఈ కథలు’ అని మార్చాను. నాలుగు కథల చివరా నేను రాసిన నీతివాక్యాలు కొట్టేశాను. చావు కథలో నేను ఒక్క వాక్యంలో ముగించిన మఈ జవాబును పూర్తిగా రాసి, వాక్యాల చివర ‘అట’ చేర్చి మా ఇంట్లో చదివి వినిపిస్తే, మా అత్తగారు రాయి మునిగిన చోట నవ్వి, జవాబు దగ్గర ఏమీ అనలేదు. వేసవిలో వేరే దేశం కథలు చెప్పుకుంటాము. వీటిని సంక్రాంతి సెలవులకు వాయిదా వేశాము. నక్షత్రాల కథను చివరన పెడుతున్నాను. నల్ల దేవుడు చుక్కలను ఒక్కొక్కటిగా ఓపికగా అమర్చుతుంటే, మఈ ఓపిక పట్టలేక సంచిలోని మిగిలినవన్నీ ఆకాశంలోకి చల్లేశాడన్నది కథ. దక్షిణాన తాను స్వయంగా పెట్టిన ఒక చుక్కకు మఈ పేరే ఉన్నది. దానిని చాలామంది మన అగస్త్య నక్షత్రంగా గుర్తిస్తారని చదివాను. దీనే దేశంలో అది దిగంతాన్ని ఆనుకుని కొద్దిసేపే కనిపించే చుక్క. మా గ్రంథాలయం డాబా మీద నుంచైతే జనవరి రాత్రుల్లో కొబ్బరిచెట్ల తలల పైన దక్షిణాన తేటగా కనిపిస్తుంది. కథ ముగిశాక పిల్లలను మేడ మీదకు తీసుకువెళ్ళి దానిని చూపించాలని అనుకుంటున్నాను.