అప్‌డేట్: పొమేటం బదులు ఏం వాడానంటే

నాటకంలో 18వ శతాబ్దపు యూరప్ జుట్టు కావాలి, అప్పట్లో జుట్టు నిలబడటానికి రాసుకునే పొమేటంకి బదులు ఏం వాడాలని ఇక్కడ అడిగాను కదా. ప్రదర్శన అయిపోయింది, జుట్టు నిలబడింది!

అసలు పొమేటం అంటే పంది కొవ్వు, గొర్రె కొవ్వు కరిగించి లవంగం లాంటివాటితో వాసన పట్టించినది. నాకు అంత ధైర్యం లేదు. షియా బటర్‌లో కొంచెం తేనెమైనం కరిగించి వాడాను. దాని మీద జుట్టుకి చల్లే పౌడర్‌కి కార్న్‌ఫ్లోర్, అప్పట్లోనూ స్టార్చే. (బ్రిటన్‌లో 1795లో ఈ పౌడర్ వాడేవాళ్ల మీద ఏడాదికి ఒక గినీ, అంటే పౌండు కంటే కొంచెం ఎక్కువ, పన్ను వేశారు.)

మొదటి రిహార్సల్‌లో నేను చేసిన తప్పు, పొమేటం తక్కువ రాసి పౌడర్ ఎక్కువ చల్లడం. అంతా భుజాల మీదే రాలింది. జిడ్డు ఉంటేనే పౌడర్ పట్టుకుంటుంది, రెండూ కలిస్తేనే జుట్టుకి గరుకుదనం, ఎత్తు వస్తాయి. హెయిర్ స్ప్రే అవసరమే పడలేదు.

వదిలించడమే టెన్షన్. తడపకుండా, పొడి జుట్టుకే షాంపూ పట్టించి తర్వాత కడిగితే రెండోసారికి పోయింది.

అవిసె గింజల జెల్ చెప్పినవాళ్లకి థాంక్స్. అది 19వ శతాబ్దంలో క్విన్స్ అనే పండు గింజలతో చేసిన జుట్టు జెల్ బండొలీన్‌కి దగ్గర, తర్వాతి నాటకానికి దాచుకున్నాను.