‘ఆల్ఫా హీరో’ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న: ఈ కాలపు ఘాటైన ప్రేమ నవలల మీద పరిచయ వ్యాసం ఒకటి రాస్తున్నాను. వాటిలో నాయకుడు దాదాపు ఎప్పుడూ ఒకే అచ్చు. డబ్బు, కండ, అధికారం, తక్కువ మాటలు, ఎక్కువ కోపం. ఇంగ్లీషు పాఠకులు ఇతణ్ణి ‘ఆల్ఫా హీరో’ అంటారు. ‘ఆధిపత్య నాయకుడు’ అని రాస్తే ఏదో పార్టీ నాయకుడిలా వినిపిస్తోంది. ‘మగరాయుడు’ అందామంటే అది ఆడపిల్లను అనే మాట. సరైన పదం ఉందా?

జవాబు 1: ధీరోద్ధతుడు, అంటే పొగరూ కోపమూ ఉన్న నాయకుడు. అలంకారశాస్త్రం ఎప్పుడో పేరు పెట్టేసింది, ఇంత ఆలోచన ఎందుకు?

జవాబు 2: మొనగాడు. మొన అంటే అంచు, యుద్ధంలో ముందు వరస. ఆల్ఫా గ్రీకు అక్షరాల్లో మొదటిది. అర్థం కూడా కుదిరింది. పైగా సంస్కృతం అక్కర్లేదు.

జవాబు 3: మొనగాడు మంచి మాటే, కాని అందులో మెప్పు తప్ప మరేమీ లేదు. మొనగాడంటే ఎవరికీ భయం వేయదు. ఈ నవలల్లో నాయికకు మొదటి వంద పేజీలూ కాస్త భయమే కదా.

ధీరోద్ధతుడు అన్నవారితో సగం దూరం వస్తాను. పదో శతాబ్దంలో ధనంజయుడు తన నాటకశాస్త్ర గ్రంథం దశరూపకంలో ఉద్ధతుడికి చెప్పిన గుణాలు ఇవి: దర్పం, మాత్సర్యం, మాయ, కపటం, అహంకారం, చాంచల్యం, చండత్వం, వికత్థనం. చివరిదానికి తన గొప్ప తానే చెప్పుకోవడం అని అర్థం. ఇప్పుడు మీ నవలల్లో ఒకటి తీసి చూడండి. దర్పం ఉంది, కోపం ఉంది, అహంకారానికి కొదవ లేదు. మరి చాంచల్యం? ఇతను ఒకసారి మనసు పడితే ఆఖరి పేజీ దాకా కదలడు. వికత్థనం? నోరు విప్పితే రెండు ముక్కలు. అతని గొప్ప చెప్పే పని నాయిక స్నేహితురాలిది. గొప్ప చెప్పుకోకపోవడం, పట్టిన పట్టు విడవకపోవడం ధీరోదాత్తుడి, అంటే గంభీరుడైన నాయకుడి గుణాలు. ఉదాత్తుడికి ‘నిగూఢాహంకారుడు’ అని ఇంకో చక్కని విశేషణం కూడా ఉంది. అహంకారం లేనివాడని కాదు, దాన్ని కనబడనివ్వడని. మన ఆల్ఫాకు ఆ దాపరికం మాత్రం చేతకాదు.

అసలు సంగతి వేరే ఉంది. ఇలాంటి ధీరభేదాలు మొత్తం నాలుగు. అవి నాయకుడి స్వభావం చెబుతాయి, లోకంతో అతని నడత చెబుతాయి. ప్రేమకథకు రెండో లెక్క కావాలి: నాయిక దగ్గర ఎలా ఉంటాడు? దానికి శాస్త్రంలో వేరే నాలుగు పేర్లున్నాయి. ఒక్కతె మీదే మనసు నిలిపినవాడు అనుకూలుడు. పలువురిని సమంగా ఆదరించేవాడు దక్షిణుడు. తప్పు చేసి, అది బయటపడినా సిగ్గు లేకుండా ఎదురుగా నిలబడేవాడు ధృష్టుడు. పైకి ప్రేమ నటిస్తూ చాటున మోసం చేసేవాడు శఠుడు. సాహిత్యదర్పణం అనే అలంకారశాస్త్ర గ్రంథంలో విశ్వనాథుడు ఈ రెండు లెక్కలనూ గుణించి పదహారు అన్నాడు, ఉత్తమ మధ్యమ అధమ భేదాలతో 48 దాకా తీసుకెళ్లాడు. ఆ పదహారు గడుల్లో ఒకటి ఉద్ధతుడు, అనుకూలుడు కలిసినది. ఆల్ఫా హీరో కాపురం అందులోనే. అందరి మీదా ఉరుము, ఆమె దగ్గర చినుకు. పాఠకురాలు నిద్ర మానుకుని చదివేది ఆ ఉరుము చినుకుగా మారే చోటు కోసమే. ఉరుము ఒక్కటే అయితే మూడో అధ్యాయంలో పుస్తకం మూసేస్తుంది.

ఉద్ధతుడికి విశ్వనాథుడు చూపిన ఉదాహరణ భీమసేనుడు. గద పట్టిన ఆ చేతులతోనే ద్రౌపది అడిగిన సౌగంధికాలు కోసుకొచ్చినవాడు. (హిడింబ సంగతి ఎత్తకండి, ఉదాహరణ పాడవుతుంది.)

కాబట్టి నా ఓటు ‘ఉద్ధతానుకూలుడు’కి. నోరు తిరగడం కాస్త కష్టమే, ఒప్పుకుంటాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ నవలలు నేను ఇష్టంగానే చదువుతాను. వేడి సన్నివేశాల మీద నాకు ఫిర్యాదు లేదు. బాగా రాస్తే వాటిలోనే పాత్రలు బయటపడతాయి. నా కోపమల్లా చొరవకూ దౌర్జన్యానికీ తేడా తెలియని రచన మీద. ఆమె ‘వద్దు’ అన్నది వినబడనివాణ్ణి ఆల్ఫా అని అమ్ముతున్నారు. అతను అనుకూలుడు కాదు కనుక ఈ గడిలో పట్టడు. పోనీ ధృష్టుడందామా అంటే, ధృష్టుడు కనీసం తిట్టించుకుంటూ నిలబడతాడు.

జవాబు 4: చిన్న పక్కమాట. ఈ ‘ఆల్ఫా’ జంతుశాస్త్రం నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనుల్లో ఉన్న తోడేళ్లను చూసి, గుంపులో పైచేయి కోసం పోరాటం ఉంటుందని రాశాడు. 1970లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ పుస్తకం ఆ భావనకు బాగా ప్రచారం ఇచ్చింది. తర్వాత అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఆ మెక్కే 1999లో ఆ పదం సరికాదన్నాడు. అడవిలో గుంపు అంటే మామూలుగా ఒక కుటుంబం. ముందు నడిచేవి పిల్లల్ని కన్న అమ్మా నాన్నలే. ఈ లెక్కన ఆల్ఫా హీరోను ‘ఇంటాయన’ అనాలేమో!

ప్రశ్న అడిగినవారు: ఇంటాయన అని రాస్తే నా వ్యాసం ఎవరూ చదవరు. ఉద్ధతానుకూలుడు బాగుంది, ఒకసారి వివరించి వాడుకుంటాను. ఇంకో చిక్కు కూడా ఉంది. అతను నాయికను దగ్గరకు లాక్కుని ‘మైన్’ అని గుర్రుమంటాడు. ప్రతి నవలలోనూ ఉంటుంది. దాన్నెలా రాయాలి?

జవాబు 3: ముందుగా ‘గుర్రుమన్నాడు’ తీసేయండి. మనకు గుర్రు అనగానే నిద్రే గుర్తొస్తుంది. అంత ఉద్వేగంలో నాయకుడు నిద్రపోయాడనుకుంటారు. ‘గొంతు బరువెక్కింది’ అన్నా చాలు.

‘మైన్’ సంగతి మాత్రం నిజంగా చిక్కే. ఆ ఇంగ్లీషు మాటలో లింగం లేదు, ఎదుట ఉన్నది మనిషో వస్తువో తెలియదు. తెలుగులో ‘నాది’ అంటే కుర్చీ కావచ్చు, ఆడమనిషి కావచ్చు. ఏకవచనంలో మన వ్యాకరణం స్త్రీనీ వస్తువునూ ‘అది’ అనే ఒకే గాటన కట్టింది. మగవాడికి ‘వాడు’ అని విడిగా పీట వేసింది. అందుకే ‘నువ్వు నాదానివి’ అన్నప్పుడు మన చెవికి మోటుగా తగులుతుంది. ఇంగ్లీషులో సగం దాగిన సొంతదారు గొంతు తెలుగులో పూర్తిగా బయటపడుతుంది. నవల మొదట్లో అతనితో అలాగే అనిపించండి, మెత్తబరచకండి. చివరికి వచ్చేసరికి ‘నేను నీవాణ్ణి’ అనిపించండి. నాయికల్లో స్వాధీనపతిక అని ఒక రకం ఉంది, ప్రియుడు తన చెప్పుచేతల్లో ఉన్న స్త్రీ. ఈ నవలలన్నీ నాయికను అక్కడికే చేరుస్తాయి.

ఇంగ్లీషుకు లేని ఇంకో పనిముట్టు కూడా మన చేతిలో ఉంది. అతను మొదటి పేజీ నుంచీ ఆమెను ‘నువ్వు’ అంటాడు, ఆమె ‘మీరు’ అంటుంది. ఆమె నోట మొదటిసారి ‘నువ్వు’ ఎక్కడ రావాలో ముందే అనుకుని పెట్టుకోండి. పడకగదిలో వద్దు, అది ఎవరైనా ఊహిస్తారు. ఏదో పోట్లాటలో, కోపంలో నోరు జారి రావాలి. అతను తిరిగి కసరబోయి ఆగిపోవాలి.

ప్రశ్న అడిగినవారు: నేను రాస్తున్నది పరిచయ వ్యాసమేనండీ, అనువాదం కాదు. అయినా ఇది ఎక్కడో ఒకచోట ఇరికిస్తాను.