మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకు ఎన్నింటికి వెళ్లాలి?

భవానీపురం నాన్న:
మొన్న ఆదివారం పాపని తీసుకుని విజయవాడ దగ్గరి మూలపాడు వెళ్లాం. టిఫిన్లయ్యి బండి తీసేసరికే పదిన్నర. ఇబ్రహీంపట్నం దాటి, హైవే దిగి అడవిలో అడుగుపెట్టేసరికి పదకొండున్నర. మాడు పగిలే ఎండ. గంటన్నర తిరిగితే కనబడినవి ఆరంటే ఆరు. పాప వేళ్లు మడిచి మరీ లెక్కపెట్టింది. ఏడోది బోర్డు మీద బొమ్మ, దాన్నీ కలపమని గొడవ. మధ్యలో కోతి వచ్చి మా ఆవిడ చేతిలో పులిహోర కవరు లాక్కుపోయింది. ఇంటికొచ్చేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, నాకు అదే టెన్షన్. అసలు ఎప్పుడు వెళ్తే కనబడతాయి? పాములుంటాయా? పాపకి ఎనిమిదేళ్లు.

గొల్లపూడి మాస్టారు:
మీరు వెళ్లిన టైమే తప్పండి. సీతాకోకచిలుకలకి ఒంట్లో సొంత వేడి ఉండదు. పొద్దున్నే రెక్కలు పరిచి ఎండ కాగి, ఒళ్లు వెచ్చబడ్డాకే ఎగురుతాయి. ఎనిమిది నుంచి పదిలోపు చూసేయాలి. ఎండ ముదిరితే ఆకుల చాటుకు పోతాయి. నన్నడిగితే దసరా నుంచి కార్తీకం దాకా బాగుంటుంది. మేలో వెళ్తే రాళ్లు చూసి రావడమే.

ఇంకోటి, తల పైకెత్తి కాదు, నేల చూస్తూ నడవండి. వాన వెలిసిన మర్నాడు తడి మట్టి మీద, పశువులు ఉచ్చ పోసిన చోట గుంపుగా వాలతాయి. పోయినేడు ఒకే ఒక్క గేదె గిట్ట గుంటలో పసుపువి పదిహేడు లెక్కపెట్టాను. పక్కనే గొంతుకూర్చుని ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా చూశా, కదల్లేదు. ఆ తడిలోని ఉప్పు కోసం వస్తాయి, అవీ ఎక్కువగా మగవే.

జిల్లేడు మొక్క కనబడితే ఆకులు చూపించండి. నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళి దొరకొచ్చు. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో చేరుతుంది కాబట్టి పిట్టలు దాని జోలికి రావు. ఆకు మాత్రం పాపని తుంచనివ్వకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం.

అడవన్నాక పాములుంటాయి. బూట్లు వేసుకోండి, బాట దిగకండి, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకండి. అంతే.

కొండపల్లి కోడలు:
అన్నయ్యా, మా కొండ, మీ పార్కు అంతా ఒకే అడవి. మా ఊరి బొమ్మల తెల్లపొణికి కర్ర ఈ కొండల్లోదే. మా మామగారు ముక్కలు చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఈమధ్య కర్రే సరిగ్గా దొరకడం లేదని ఆయన రోజూ గొణుగుడు. ఫొటోల కోసం కొమ్మలు వంచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పులిహోర మూత డబ్బాలో పెట్టి గుడ్డ సంచిలో వేసుకోండి. కవరు చప్పుడైతే చాలు, కోతులు దిగిపోతాయి.

బ్రాడీపేట బాల్కనీ:
అంతదూరం వెళ్లలేని వారానికి ఇంట్లో కరివేపాకు కుండీ చాలండి. ఆకు మీద పిట్టరెట్ట లాంటిది కనబడితే దులపకండి. నిమ్మ సీతాకోకచిలుక గొంగళి చిన్నప్పుడు అచ్చం అలాగే ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. గుంటూరులో మా మూడో అంతస్తులోనే మూడు ఎగిరాయి.

భవానీపురం నాన్న:
అయ్యో! పోయిన వారమే మా ఆవిడ రెట్ట అనుకుని కుండీ మొత్తం పైపుతో కడిగేసింది. పాపకి ఈ ముక్క చెప్పను. ఆదివారం ఏడింటికల్లా బయల్దేరతాం, పులిహోర స్టీలు డబ్బాలో.